అవ్వ చెలకలో ఎర్ర చుక్క

చుక్కలు పెట్టడం నా ఉద్యోగం. ముగ్గు చుక్కలు కావు. కంప్యూటర్‌లో ఊరి మ్యాపు తెరిచి, ఇన్ని చుక్కలు కావాలని చెప్పి ఒక మీట నొక్కితే, గుప్పెడు ఆవాలు చల్లినట్టు అవి ఎక్కడపడితే అక్కడ పడేవి. చుక్క పడిన ప్రతి చోటికీ ఒక మనిషి వెళ్లి, అక్కడ ఏముందో ఫారంలో రాసుకుని, సంచిలో కాస్త మట్టి తీసుకుని రావాలి. ఆ వెళ్లే మనిషిని నేను కాదు. నేను ఫ్యాను కింద కూర్చుని చుక్కలు పెట్టే మనిషిని. ఈ రెండు పనులకీ మధ్య ఎంత దూరముందో తెలియడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

మా ఆఫీసు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక ఎరువుల దుకాణం పైన ఉండేది. ఒక గది, ఒక ఫ్యాను, రెండు కంప్యూటర్లు, కింద నుంచి పురుగుమందుల వాసన. నేను రోజూ వనస్థలిపురం నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఔటర్ రింగ్ రోడ్డు అప్పటికింకా ఎర్రమట్టి కట్టగానే ఉంది. బొంగులూరు దాటితే రోడ్డుకి రెండువైపులా రంగు జెండాలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. బస్సులో పక్క సీటు ఆవిడ “ఎక్కడైనా తీసుకున్నారా?” అని అడిగితే అది కూరగాయల గురించి కాదు, ప్లాటు గురించి. తీసుకోలేదని చెబితే నా వంక జాలిగా చూసేవారు.

మా సంస్థ చేసే పని చిన్నదే. వాన నీరు పారిపోకుండా రైతు భూమిలోనే ఓ మూల తవ్వే నీటి కుంటలు ఏ ఊళ్లో వేయాలో తేల్చడం. దానికో లెక్క ఉంది. ఊరి మీద ముప్పై ఆరు చుక్కలు పెట్టాలి. వాటిలో సగానికి పైగా సాగుభూమిలో పడితేనే ఆ ఊరికి కుంటలు వస్తాయి. మొదటి విడతగా ఐదు తవ్వుతారు, అవి కూడా చుక్క పడ్డ భూముల్లోంచే ఎంచుతారు. రిపోర్టు బాగుంటే నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారు. కాబట్టి ఊరికి ఎంత ఆత్రమో నాకూ అంతే.

నగరంలో పెద్ద ఆఫీసులో కూర్చునే మా సారు నాకు మొదటి రోజే ఒక మంత్రం చెప్పారు. “చుక్క ఎక్కడ పడితే అక్కడికే వెళ్లాలి. చేత్తో ఇటూ అటూ జరిపితే అది సర్వే కాదమ్మా, ముగ్గు.” నేను దాన్ని ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించాను. కొత్త ఉద్యోగం కదా, భక్తి ఎక్కువ.

చుక్కల దగ్గరికి వెళ్లే మనిషిని నేను అన్నా అని పిలిచేదాన్ని. అక్కడికి దగ్గర్లోనే వాళ్ల ఊరు, నలభై దాటిన వయసు, సైలెన్సర్ ఊడిపోయేలా మోగే బండి. ఉపగ్రహాలను పట్టి దారి చూపించే జీపీఎస్ యంత్రాన్ని అతను ‘డబ్బ’ అనేవాడు. నన్ను ‘మేడం’ అంటూనే ‘నువ్వు’ అనేవాడు. మా ఇంట్లో ఈ సంగతి చెబితే, మేడమ్మూ నువ్వూ ఒకే వాక్యంలో ఎలా ఇముడుతాయని మా అమ్మ చాలాసేపు ఆశ్చర్యపోయింది. మాది తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబం, మాకు మనిషికో ‘అండి’ తగిలించకపోతే నిద్రపట్టదు.

మొదటిసారి మీట నొక్కినప్పుడు పదకొండు చుక్కలు చెరువులో పడ్డాయి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు అంచు ఆ ఊరి హద్దులోకి వస్తుంది. దాన్ని మ్యాపులోంచి తీసెయ్యడం నేను మర్చిపోయాను. అన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గిదేంది మేడం, చెర్ల పెట్టినవ్ చుక్కలు?”

“పొరపాటన్నా. మళ్లీ పెడతాను. మీరు నీళ్లలోకి ఎలా వెళ్తారు?”

“నీళ్లా?” అన్నాడు. “ఆ చెర్ల నీళ్లున్నయని నీకెవరు చెప్పిన్రు? నడుసుకుంటనే పోయొస్త. మా బర్లు గాడనే మేస్తయి.”

“మ్యాపులో నీలంగా ఉంది కదన్నా.”

“మ్యాపుల ఉంటయి. చెర్ల లేవు.”

అప్పుడే నాకు జ్ఞానోదయం కావలసింది. కాలేదు. చెరువును తీసేసి, మళ్లీ మీట నొక్కి, కొత్త చుక్కల కాగితం అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని చూస్తూ, “ఈ ఇరవై మూడో చుక్కను జర ఇటు జరుపరాదు? ఈడ హోటలున్నది. చాయ్ తాగి, మట్టి తీసుకొని వస్త,” అన్నాడు. నేను గోడ మీది కాగితం వైపు వేలు చూపించి, సారు గొంతుతో మంత్రం చదివాను. అతను మంత్రం శ్రద్ధగా విన్నాడు. అది ఎంత శ్రద్ధగా విన్నాడో తర్వాత తెలిసింది.

ఇక ఫారం సంగతి. అది నేనే తయారుచేశాను, పైగా గర్వంగా. మొదటి ప్రశ్న చుక్క నంబరు. రెండోది భూమి ఎవరిది. మూడోది: ‘పొలమా? అవును / కాదు. కాదు అయితే ఇక్కడితో ఆపి తర్వాతి చుక్కకు వెళ్లండి.’ పంటలు, మట్టి, బావులు అన్నీ నాలుగో ప్రశ్న నుంచి. ఎంత తేలిక భాషలో రాశానో చూడండని సారుకి కూడా చూపించాను. ఆయనది రాజమండ్రి. చాలా బాగుందమ్మా అన్నారు.

రోజూ సాయంత్రం అన్న ఫారాలు తెచ్చేవాడు. నేను వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. పొలమైతే పచ్చ చుక్క, కాకపోతే ఎర్ర చుక్క. వారం గడిచేసరికి నా తెర మీద ఊరంతా ఎర్రబడింది. సంచులు చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఒకరోజు మట్టి బదులు తల మీద కొత్త టోపీతో, చేతిలో రంగురంగుల బ్రోషర్‌తో వచ్చాడు. చుక్క ఒక వెంచర్ మధ్యలో పడిందట. డబ్బా పట్టుకుని రాళ్ల మధ్య నడుస్తుంటే వాళ్లు ప్లాటు కొనడానికి వచ్చాడనుకుని కుర్చీ వేసి, చల్లటి కూల్‌డ్రింక్ ఇచ్చి, టోపీ పెట్టి పంపారు.

“మరి మీరు చెప్పలేదా, సర్వే అని?”

“డ్రింక్ తాగినంక చెప్పిన.”

ఆ బ్రోషర్‌లో ఒక మ్యాపు కూడా ఉంది. మ్యాపు అంటే నాకు ప్రాణం కాబట్టి తీసి చూశాను. ప్లాట్లు, ఈతకొలను, నడక దారి. వాటికి ఆనుకుని ఒక పచ్చటి ముక్క మీద ‘రాబోయే పార్కు’ అని ఉంది. బ్రోషర్ మడిచి తీసుకెళ్లి అన్న తన బండి పక్కపెట్టెలో పడేశాడు. అది అక్కడే ఉండిపోయింది.

అన్ని ఫారాలూ వచ్చాక లెక్క తేలింది. పచ్చవి తొమ్మిది, ఎర్రవి ఇరవై ఏడు. ఊరు పథకంలోంచి ఎగిరిపోయింది. నాకు బాధ కలగాలి. నిజం చెబుతున్నాను, కలగలేదు. ఉత్సాహం కలిగింది. రిపోర్టులో రాయడానికి ఒక విషయం దొరికింది కదా. ఆ రాత్రి ఇంటి దగ్గర కూర్చుని ఒక పేరా రాశాను. ‘ఈ ఊళ్లో నాగలి మూలపడింది, హద్దురాయి మొలకెత్తింది’ అని మొదలుపెట్టి, కళ్లు చెమ్మగిల్లేలా ముగించాను. నాన్నకు చదివి వినిపించాను.

“బాగుందమ్మా,” అన్నారు నాన్న. “పొలాలు పోతే ఊరు పోయినట్టే. ఇంతకీ ఆ నాగలి ఎక్కడ చూశావు?”

“నేను చూడలేదు. మా అన్న చూశాడు.”

“ఆయన చెప్పాడా మూలపడిందని?”

నాన్నకి సాహిత్యం తెలీదని నిర్ణయించుకుని పడుకున్నాను. సారుకి మాత్రం పేరా తెగ నచ్చింది. గురువారం మీటింగులో అందరిముందూ చదువుతానన్నారు. నా కాంట్రాక్టు పొడిగింపు నాకు కళ్లముందు కనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకుంటుంటే మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక ముసలావిడ పైకి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. కొంగులో ఏదో మూట కట్టుకుని ఉంది.

“మ్యాపు గీసే పిల్లవు నువ్వేనా?”

నేనే అన్నాను.

“నా చెలకల చుక్క పడ్డదట గద. ఆ బండాయన డబ్బ పట్టుకొని వచ్చి సూసిండు, పోయిండు. సుక్క పడ్డోళ్లకు గుంత తవ్వుతరని ఊళ్లె అంటున్నరు. నా పేరెక్కిందా లేదా అడిగిపోదామని వచ్చిన.” అని, కుర్చీ చూపించినా నేల మీదే కూర్చుంది. “వాన పడితే నీళ్లన్ని నా చెలకలకెల్లే ఉరుకుతయి బిడ్డా. ఉరికి ఉరికి ఆ ప్లాట్లల్ల పడ్తయి. ప్లాట్లకేం జేసుకుంటరు నీళ్లు? పోయినేడు కంది పూత మీద ఎండిపాయె. ఒక్క గుంతుంటే ఆగుతయి.”

పేరడిగి ఫారాలు వెతికాను. పందొమ్మిదో చుక్క. అవ్వ పేరు ఉంది. మూడో ప్రశ్న దగ్గర అన్న గుండ్రటి అక్షరాల్లో ‘కాదు’ అని ఉంది. తెర మీద ఎర్ర చుక్క.

“అవ్వా, మీకు పొలం లేదని రాసుందే,” అన్నాను మెల్లగా. పోట్లాడుతుందని సిద్ధపడ్డాను.

“అవ్ బిడ్డా. పొలం లేదు.”

“మరి పొలం లేకపోతే కుంట ఎలా ఇస్తారు?”

“పొలముంటే గుంతెందుకు? చెలకకు గావాలె గుంత.”

“చెలకంటే పొలమే కదా అవ్వా?”

అవ్వ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. బస్సులో ప్లాటు లేదన్నప్పుడు చూసే జాలి దీని ముందు ఎందుకూ పనికిరాదు.

“చెలక పొలమెట్లయితదే పిల్లా? బర్రె ఆవైతదా? పొలమంటే నీళ్లుండాలె, వరి నాటాలె. మాది వానకోసం మొగులు దిక్కు సూసే భూమి. జొన్న, కంది, ఆముదం. గిది చెలక.” లేచి, కొంగు ముడి విప్పి, చారల చారల చిన్న కాయలు నా ఫారాల మీద పోసింది. “గివి నీకే తెచ్చిన. బుడమకాయలు. పొలంల గాస్తయా గివి? నువ్వే చెప్పు.”

నేను బుడమకాయను చూడడం అదే మొదటిసారి. అది ఎక్కడ కాస్తుందో చెప్పే యోగ్యత నాకు లేదు. కానీ నా ఫారంలో తప్పెక్కడుందో మాత్రం తెలిసింది. మా వైపు నీటి కింద భూమి మాగాణి, వాన మీద భూమి మెట్ట. రెండూ పొలాలే. మా తాత మిరపతోటకి వెళ్తున్నా ‘పొలం వెళ్లొస్తా’ అనేవాడు. ఆ పొలాన్నే నేను తెచ్చి ఇబ్రహీంపట్నం ఫారంలో పెట్టాను. ఇక్కడ ఆ మాట వరి మడి దాటి బయటికి రాదు. తొమ్మిది పచ్చ చుక్కలూ తొమ్మిది వరి మళ్లు. పట్టపగలే నాకు చుక్కలు కనిపించాయి, అవి కూడా ఇరవై ఏడు, అన్నీ ఎర్రవి.

సరిగ్గా అప్పుడే అన్న మెట్లెక్కి వచ్చాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపమంతా అతని మీద పడింది.

“అన్నా, ఈ అవ్వ చెలకలో కంది చేను కనబడలేదా మీకు?”

“ఎందుకు కనవడలే? ఏపుగున్నది.”

“మరి కాదు అని ఎందుకు రాశారు?”

“నువ్ పొలమా అనడిగినవ్. కాదని రాసిన.”

“పంట కళ్లముందు కనిపిస్తుంటే కాదని ఎలా రాస్తారు?”

“చెలకనా అనడిగుంటే అవ్ అని రాస్తుంటి. నువ్ అడగలే.” గోడ మీది కాగితం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. “అడగందానికి జవాబు రాస్తే గది సర్వే కాదు మేడం, ముగ్గు. సారే చెప్పిండు గద.”

అయినా నాది అంత త్వరగా ఓడిపోయే నోరు కాదు. “ఇరవై ఏడు సార్లు కాదు అని రాస్తూ ఒక్కసారైనా అనుమానం రాలేదా మీకు?” అన్నాను.

“వచ్చింది,” అన్నాడు. “పొలాలున్నోళ్లకే ఇస్తరేమో అనుకున్న. చెలకోళ్లను ఎప్పుడడిగిన్రు గనుక ఇప్పుడడుగుతరు? ఎప్పుడు గింతే గద.”

ఎగతాళిగా అనలేదు. టీ చల్లారిందన్నట్టు మామూలుగా అన్నాడు. అవ్వ కూడా తలూపింది. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎవరూ చూడకుండా వెళ్లి పురుగుమందుల దుకాణం వెనక కూర్చోవాలనిపించేంత సిగ్గు. నేను నాగలి మూలపడిందని రాసిన చోట నాగలి నడుస్తూనే ఉంది. ఇక్కడి మాట తెలియక నేనే దాన్ని మూలకి నెట్టాను.

అవ్వ మాత్రం తన గోల తనది. “నా పుట్టింట్ల పొలముండె బిడ్డా, చెరువు కింద. మా అక్కనేమో పొలమున్నోళ్లకిచ్చిన్రు, నన్ను చెలకోళ్లకిచ్చిన్రు. ఇయ్యాల్టికి గదే ఎత్తిపొడుస్తది మా అక్క. చెలకదానా అంటది. అననియ్యి. గుంత వస్తదా, రాదా?”

“వస్తుందో రాదో తెలీదవ్వా,” అన్నాను. “చుక్క మాత్రం మళ్లీ చూస్తాం.”

ఆవిడ వెళ్లాక సారుకి ఫోన్ చేశాను. చేయకుండా ఉండొచ్చా అని ఒక పది నిమిషాలు ఆలోచించాకే చేశాను. అది కూడా చెప్పాలి. రిపోర్టు ప్రింటైంది. తప్పు ఎవరికీ తెలియదు. అన్న అడగనిది చెప్పడు. అవ్వకి మ్యాపు చదవడం రాదు. బల్ల మీద బుడమకాయలు లేకపోతే ఏం చేసేదాన్నో.

“ఆ పేరా నేను ఇప్పటికే ముగ్గురికి చదివి వినిపించానమ్మా,” అన్నారు సారు, అంతా విన్నాక. తర్వాత, “చెలక అంటే మెట్టా?” అన్నారు.

“మెట్టే సార్.”

“నేను పాతికేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను,” అన్నారాయన. అది నాతో అన్నట్టు లేదు. “గురువారం పొద్దున్నకల్లా ఇవ్వగలవా?”

ఈసారి నేనే వెళ్లాలనుకున్నాను. అన్న, “నాకు యాదికున్నయి, నేను చెప్త, నువ్ రాసుకో,” అన్నాడు. కానీ కూర్చుని రాసుకునే ఇంత దాకా వచ్చాను కదా. ఆ మధ్యాహ్నమూ, బుధవారమంతా, అతని బండి వెనక కూర్చుని ఇరవై ఏడు ఎర్ర చుక్కల చుట్టూ కాలు గాలిన పిల్లిలా తిరిగాను. నా తెర మీద అర అంగుళం ఉండే దూరం నిజంగా ఒక వాగు, రెండు కంపలు, ఒక కుక్క అని తెలిసింది. చెప్పు తెగింది. అన్న తుమ్మ నారతో కట్టి ఇచ్చి, “గిది మ్యాపుల కనవడదు,” అన్నాడు. ఒక చుక్క కోళ్లఫారం రేకుల మీద పడింది. ఒకటి ఇంటి డాబా మీద. ఒకటి ఏనుగంత బండ మీద. నాలుగు వెంచర్లలో. రెండో వెంచర్లో నాకూ టోపీ పెట్టారు. మిగిలిన ఇరవైలో అప్పటికి చూసిన పందొమ్మిదింటిలోనూ కంది, ఆముదం, జొన్న. మధ్య మధ్య బుడమ తీగలు. తొమ్మిదీ పందొమ్మిదీ కలిపితే ఊరు హాయిగా ఒడ్డున పడ్డట్టే.

చివరికి మిగిలింది అవ్వది, పందొమ్మిదో నంబరు చుక్క. పొద్దు వాలుతోంది. అవ్వ గట్టు మీద మా కోసం కూర్చుని ఉంది. చెలక అంచున వరసగా తెల్ల హద్దురాళ్లు, వాటికవతల అన్నకి మొదట టోపీ పెట్టిన వెంచర్ ప్లాట్లు. డబ్బా పట్టుకుని నడుస్తుంటే అంకెలు తగ్గుతున్నాయి. పన్నెండు మీటర్లు, ఎనిమిది, ఐదు. సరిగ్గా హద్దురాయి దగ్గరికి వచ్చేసరికి డబ్బాకి పిచ్చెక్కింది. ఒకసారి చుక్క అవ్వ వైపు ఉందంటుంది, ఇంకోసారి ప్లాటు వైపు ఉందంటుంది.

“ఏమంటున్నది?” అంది అవ్వ.

“ఆలోచిస్తోందవ్వా.”

“మొన్న అవ్వ దిక్కే చూపెట్టింది,” అన్నాడు అన్న.

“మొన్న మీరెక్కడ నిలబడ్డారో ఎవరికి తెలుసు,” అన్నాను. గొంతులో పొగరు మిగిలే ఉంది.

అవ్వ వచ్చి నా మణికట్టు పట్టుకుని ఆముదం సాళ్లలోకి లాగింది. “ఈడ నిలబడు. ఎక్కడ నిలబడితే గదే గద చుక్క?” వదిలించుకుని మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాను. అటు ఒక్క అడుగు పడితే అవ్వ గుంత పోయినట్టే. ఇటు ఒక్క అడుగు నేనే వేసేస్తే ఎవరు చూస్తారు? గోడ మీది కాగితాన్ని తలుచుకుని తిట్టుకున్నాను. అన్న బండి మీద కూర్చుని, ఆకాశం వంక చూస్తూ, “ఉపగ్రహాలు ఒక్కటొక్కటే రావాలె మేడం, జర ఆగు,” అన్నాడు. ఆగాము. పావుగంట ఆగాక అంకె నిలబడింది. రాయికి ఇవతల, అవ్వ ఆముదంలో, మూడు అడుగులు. మళ్లీ రెండుసార్లు చూశాను, అక్కడే ఉంది. చుక్క అటు పడి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలీదు. ఫారంలో ‘కాదు’ కొట్టేసి ‘చెలక’ అని రాశాను.

ఆ వారంలో బుడమకాయల పచ్చడి చేయమని అమ్మకిచ్చాను. మా ఇంట్లో ఎవరికీ చేయడం రాదు, దోసకాయలా చేసింది. నాన్న తింటూ, “పుల్లగా బాగుందే, ఇది ఏ పొలంలో కాస్తుంది?” అన్నారు. పొలంలో కాయదు నాన్నా అని మొదలుపెట్టి అరగంట చెప్పాను. ఆయన పచ్చడి రెండోసారి వేసుకున్నారు.

సారు మీటింగులో నా పేరా చదవలేదు. దాని బదులు చెలక గురించి తనే మాట్లాడారట. ఊరు పథకంలోకి వచ్చింది. నా కాంట్రాక్టూ పొడిగించారు. ఎండాకాలంలో తవ్విన ఐదు కుంటల్లో అవ్వ చెలకది ఒకటి. అందులో నా గొప్ప ఏమీ లేదు, వాలు చూసి ఇంజనీరు ఎంచుకున్నాడు. ఫారంలో మూడో ప్రశ్న మాత్రం మార్చాను: ‘పొలమా? చెలకనా? రెండూ కాదా?’ ఆ తర్వాత ఏ జిల్లాకి చుక్కలు పెట్టినా, మీట నొక్కే ముందు అక్కడి వాళ్లు భూమిని ఏమంటారో అడిగేదాన్ని. చుక్కలది ఏముంది, అవి పడతాయి.

మరుసటి వానాకాలంలో ఒకరోజు అన్న వచ్చి, “అవ్వ రమ్మన్నది. నిన్నే తీసుకొని రమ్మన్నది,” అన్నాడు. ఏమైందో అడిగితే చెప్పలేదు. ముఖం చిరాగ్గా ఉంది. బండెక్కాను.

కుంట నిండా ఎర్రటి నీళ్లు. పైన కంది పచ్చగా ఉంది. అన్న కోపం దేనికో కుంట దిగువకి వెళితే అర్థమైంది. హద్దురాళ్లకి ఈ పక్కన, ఆముదం తీసేసి, మా ఆఫీసు గదంత చోటు చదును చేసి గట్లు వేసింది అవ్వ. అందులో చీలమండలు మునిగేంత నీళ్లు, నీళ్లలో వరసలు తప్పిన వరి నాట్లు.

“నేను చెప్పిన గద ఆ నీళ్లు కందికని,” అన్నాడు అన్న. “వరికి పోస్తే ఎన్నిరోజులస్తయి? అడుగు, నువ్వన్న అడుగు. ఎంత పండుతది గిది? నాలుగు పూటల బువ్వ.”

“బువ్వకెవడేసిండు?” అంది అవ్వ. “మా అక్క వచ్చి సూసిపోయింది మొన్న. నోరు మూసుకొని సూసిపోయింది.” ఆ నవ్వుకి ఆవిడ వయసు సగం రాలిపోయింది. తర్వాత నా ముందు నిటారుగా నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంది. “ఫారం తెచ్చినవా?”

“లేదవ్వా.”

“సరే, నోటితోనన్న అడుగు. ఆనాడు అడిగినవ్ గద, మూడోది. గదే అడుగు. పాతది.”

“ఇది పొలమా?” అన్నాను.

“అవ్,” అంది అవ్వ. “రాసుకో.”

బండి పక్కపెట్టెలో వెతికితే ఆ పాత బ్రోషరొక్కటే దొరికింది. మడత విప్పి చూస్తే, మేము నిలబడ్డ చోటే పచ్చరంగు వేసి ‘రాబోయే పార్కు’ అని ఉంది. ఆ మాట కొట్టేసి ‘పొలం’ అని రాసి, పక్కన పెన్నుతో ఒక చుక్క పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేత్తో పెట్టిన చుక్క అదొక్కటే.